పాత పలక మీద కొత్త లినక్స్

2025 అక్టోబరులో ఒక సాయంత్రం ఆఫీసు పని ముగించుకుని కిందికి దిగేసరికి, నాన్నగారు టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చుని ఉన్నారు. తెనాలి నుంచి మా దగ్గరకి, డాలస్‌కి, వచ్చి అప్పటికి నెల దాటింది.

"ఒరేయ్, దీనికి మద్దతు ముగిసిందని రాస్తోందిరా. నేనేమన్నా నొక్కకూడనిది నొక్కానా?" అని అడిగారు.

ఆ టాబ్లెట్ నేను 2014లో కొని ఇచ్చినది. ఎనిమిది అంగుళాల తెర, ఇంటెల్ ఏటమ్ జడ్3735ఎఫ్ ప్రోసెసరు, 2 గిగాబైట్ల మెమొరీ, 32 గిగాబైట్ల నిల్వ. ఆ ఏడాది అలాంటివి చవగ్గా కుప్పలు తెప్పలుగా వచ్చాయి. విండోస్ 8.1తో వచ్చింది, తరవాత విండోస్ 10కి మారింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. నాన్నగారు చూసినది ఆ కబురే. పాత 'భారతి' సంచికల స్కాన్లు, ఎక్కడెక్కడి నుంచో దింపుకున్న పుస్తకాలు కలిపి మూడువందల దాకా ఆయన అందులో పోగేసుకున్నారు.

"మీరేం పాడుచెయ్యలేదు నాన్నగారూ. దాని కాలం అయిపోయింది, అంతే. కొత్తది కొందాం" అన్నాను.

"కాలం అయిపోవడమేమిట్రా? తెర బాగానే ఉంది. బ్యాటరీ మూడు గంటలు వస్తోంది. అక్షరం స్పష్టంగా కనిపిస్తోంది. దీనికేమొచ్చింది?"

నా దగ్గర సమాధానం లేకపోయింది. పైగా అడిగింది ఇంకెవరినో అయితే బాగుండేది. దుకాణాల్లో వాడే చేతి పరికరాలకి సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. ఏటా జనవరిలో ఏ పాత మోడళ్ళకి మద్దతు ఆపేయాలో మేం ఒక జాబితా తయారుచేస్తాం. ఆ పేర్ల మీద గీత కొట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. గీత కొట్టిన తరవాత ఆ పరికరాన్ని పట్టుకుని ఎవరో ఒక పెద్దాయన 'నేనేమన్నా పాడుచేశానా' అనుకుంటాడని నాకు ఏనాడూ తట్టలేదు.

సరే, ఆ వారాంతం దాని మీద లినక్స్ ఎక్కిద్దామని కూర్చున్నాను. ఒక వారాంతం అనుకున్నది మూడు అయింది. అందులో నేర్చుకున్నది మీకు పనికొస్తుందని ఈ వ్యాసం.

అసలు పాతబడేది ఏది?

ఒక్కొక్క చిప్పుతో మాట్లాడడానికి ఒక్కొక్క డ్రైవరు కావాలని మనందరికీ తెలుసు. ఆ డ్రైవరు ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం మనం పట్టించుకోం. పరికరం ఎన్నాళ్ళు బతుకుతుందో తేల్చేది అదే.

చిప్పు తయారుచేసిన కంపెనీ ఒక కెర్నెల్‌కి సరిపడా డ్రైవరు రాసి, సోర్సు ఇవ్వకుండా బైనరీ మాత్రం ఇచ్చిందనుకోండి. రెండేళ్ళకి ఆ బృందం వేరే పనికి వెళ్ళిపోతుంది. కెర్నెల్ ముందుకి సాగుతుంది, డ్రైవరు మాత్రం పాత కెర్నెల్ దగ్గరే ఆగిపోతుంది. దాంతోబాటు మన టాబ్లెట్ కూడా.

అదే డ్రైవరు లినక్స్ అసలు కెర్నెల్‌లో చేరిపోయి ఉంటే కథ వేరు. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేసులు ఎప్పుడూ మారుతూనే ఉంటాయి. కానీ మార్చినవాడే, దాన్ని వాడుకునే డ్రైవర్లన్నిటినీ సరిదిద్దాలన్నది అక్కడి నియమం. ఉమ్మడి కుటుంబంలో పైకప్పు మార్చేవాడు తన గది మీద ఒక్కటే మార్చి ఊరుకోడు కదా, ఇదీ అంతే. డ్రైవరు రాసినవాడు వెళ్ళిపోయినా డ్రైవరు బతుకుతుంది.

దీనికి ఇంటెల్ ఏటమ్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. 2012లో వచ్చిన క్లోవర్ ట్రెయిల్ తరం ఏటమ్ జడ్2760 ఉత్త 32-బిట్ ప్రోసెసరు. దాని గ్రాఫిక్స్ బయటి కంపెనీ నుంచి తెచ్చుకున్న పవర్‌వీఆర్. లినక్స్‌లో దానికి పనికొచ్చే ఓపెన్ డ్రైవరు లేదు. మరుసటి ఏడాది, 2013లో, వచ్చిన బే ట్రెయిల్ తరంలో ఇంటెల్ తన సొంత గ్రాఫిక్స్ పెట్టింది. దానికి ఐ915 అనే ఓపెన్ డ్రైవరు కెర్నెల్‌లో ఎప్పటినుంచో ఉంది. రెంటికీ మధ్య తేడా ఒక్క ఏడాది. కానీ మొదటిది ఇవాళ కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి పనికొస్తుంది, రెండోదాని మీద ఇప్పటి కెర్నెల్ మొదటిసారే తెర వెలిగిస్తుంది. పైగా 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి ఉత్త 32-బిట్ ప్రోసెసర్లకి ఇన్‌స్టాలరే లేదు. అదృష్టవశాత్తూ నాన్నగారిది బే ట్రెయిల్.

మీ దగ్గరున్నది ఆండ్రాయిడ్ టాబ్లెట్ అయితే దారి వేరు. ఆర్మ్ చిప్పులున్న టాబ్లెట్లు సాధారణంగా తమలో ఏ భాగాలున్నాయో పీసీలాగా తామే చెప్పుకోలేవు. ఒక్కొక్క మోడల్‌కి డివైస్ ట్రీ అనే పటం ఎవరో ఒకరు రాయాలి. 2012 నాటి నెక్సస్ 7కి అధికారికంగా ఆండ్రాయిడ్ 5.1.1తో, 2013 నాటి నెక్సస్ 7కి 6.0.1తో తెర పడింది. కానీ బూట్‌లోడర్ తాళం తీసే వీలుండడం వల్ల, ఔత్సాహికులు పటాలు రాయడం వల్ల రెండూ ఇంకా బతికున్నాయి. ఫోన్లకి పదేళ్ళ ఆయుష్షు ఇవ్వాలన్న లక్ష్యంతో 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ ఓఎస్ అనే లినక్స్ ఈ రెంటి మీదా ఎక్కుతుంది. మీ మోడల్ ఆ ప్రాజెక్టు జాబితాలోనో, లీనియేజ్ ఓఎస్ జాబితాలోనో ఉందేమో ముందు చూసుకోండి. బూట్‌లోడర్‌కి తాళం ఉండి అది తీసే దారి లేకపోతే మాత్రం శ్రమపడకండి.

మొదలుపెట్టే ముందు

ఇక్కడే నేను పప్పులో కాలేశాను. నాన్నగారి పుస్తకాలన్నీ జాగ్రత్తగా మరో డిస్కుకి ఎక్కించి, మహా తెలివైన పని చేశాననుకుని, టాబ్లెట్‌లో ఉన్నదంతా తుడిచేశాను. మీరు అలా చెయ్యకండి. విండోస్ డ్రైవర్లున్న ఫోల్డరంతా కూడా కాపీ చేసి పెట్టుకోండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

రెండో సంగతి ఛార్జింగ్. ఇలాంటి టాబ్లెట్లకి ఉండేది ఒకే ఒక్క మైక్రో యూఎస్‌బీ రంధ్రం. పెన్‌డ్రైవు, కీబోర్డు, మౌస్ మూడూ అందులోంచే పోవాలి కాబట్టి ఓటీజీ కేబుల్, దానికో హబ్ కావాలి. మా టాబ్లెట్ హబ్ తగిలించి ఉన్నంతసేపూ ఛార్జ్ కాదు. బ్యాటరీ నూటికి నూరు ఉన్నప్పుడే మొదలుపెట్టండి. నాకు ఇన్‌స్టాల్ చెయ్యడానికి గంటన్నర పట్టింది.

యూఈఎఫ్ఐ సెటప్‌లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ ఆపండి. ఆ తరవాత ఎదురయ్యేది ఈ తరం టాబ్లెట్ల అసలు తిరకాసు.

దుబాసీ కావాలి

జడ్3735ఎఫ్ 64-బిట్ ప్రోసెసరే. కానీ ఆ రోజుల్లో వాటి మీద వేసింది 32-బిట్ విండోస్. అందుచేత యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ కూడా 32-బిట్‌దే పెట్టారు. 32-బిట్ ఫర్మ్‌వేర్ 32-బిట్ బూట్‌లోడర్‌నే పిలుస్తుంది. చాలా 64-బిట్ లినక్స్ ఇమేజ్‌లలో 64-బిట్ బూట్‌లోడర్ మాత్రమే ఉంటుంది. ఫలితం, పెన్‌డ్రైవు పెడితే టాబ్లెట్ దాన్ని అసలు చూడనే చూడదు. మీరు పెన్‌డ్రైవు పాడైందనుకుని ఇంకోటి కొంటారు. నేను కొన్నాను.

వాకిట్లో గుమస్తాకి ఒక భాష, లోపల దొరకి ఇంకో భాష అన్నమాట. మధ్యలో దుబాసీ కావాలి. 2014 జూన్‌లో వచ్చిన లినక్స్ 3.15 కెర్నెల్‌లో ఈ దుబాసీని చేర్చారు. 32-బిట్ ఫర్మ్‌వేర్ మీద 64-బిట్ కెర్నెల్ నడిచే ఈ ఏర్పాటుని మిక్స్‌డ్ మోడ్ అంటారు. ఇక మనకి కావలసిందల్లా పెన్‌డ్రైవులో బూట్ ఐఏ32 అనే పేరుతో 32-బిట్ బూట్‌లోడర్ ఫైలు. నేను దింపుకున్న డెబియన్ 13 ఇమేజ్‌లో రెండు రకాల బూట్‌లోడర్లూ ఉన్నాయి. ఇన్‌స్టాలర్ తనంతట తానే 32-బిట్ గ్రబ్ పెట్టింది.

వైఫై వెనక మనుషులు

ఇన్‌స్టాలర్ లేచి నా ఇంటి వైఫై పేరు చూపించగానే నేను ఆశ్చర్యపోయాను. ఇందులో ఉన్నది రియల్‌టెక్ 8723బీఎస్ అనే చవక చిప్పు. ఈ డ్రైవరు కెర్నెల్‌లోకి ఎలా వచ్చిందో చరిత్ర తిరగేశాను. కంపెనీ కోడ్‌ని తీసుకుని, బయట విడిగా బాగుచేస్తూ వచ్చినవాళ్ళలో బాస్టియన్ నొసేరా, లారీ ఫింగర్ ఉన్నారు. హాన్స్ డి గోడ్ దాన్ని కెర్నెల్‌కి పంపించారు. 2017లో వచ్చిన 4.12లో అది స్టేజింగ్ విభాగంలో చేరింది. లారీ ఫింగర్ ఇలాంటి వైర్‌లెస్ డ్రైవర్ల మీద ఏళ్ళ తరబడి పనిచేసి 2024లో కన్నుమూశారు. ఆయన సరిచేసిన కోడ్ మా ఇంట్లో, ఆయన పేరైనా ఎరగని మా నాన్నగారి ఒళ్ళో నడుస్తోంది.

డ్రైవరు ఉన్నా చిప్పు లోపల నడిచే ఫర్మ్‌వేర్ బ్లాబ్ కూడా కావాలి. అది ఓపెన్ సోర్సు కాదు. ఇదివరకు డెబియన్ వాళ్ళు అలాంటివి అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేవారు కాదు. 2022లో ఓటు పెట్టి, డెబియన్ 12 నుంచి పెడుతున్నారు. వైఫై లేకుండా వైఫై ఫర్మ్‌వేర్ దింపుకోవాల్సిన పాత యాతన అలా తీరింది.

తాకినా పలకని తెర

ఇన్‌స్టాల్ అయ్యాక గ్నోమ్ తెర వచ్చింది, కానీ పక్కకి పడుకుని. ఈ టాబ్లెట్‌లో పెట్టినది నిలువు తెర, వాడేది అడ్డంగా. ఇలాంటి మోడళ్ళ జాబితా కెర్నెల్‌లో ఒకటి, తిప్పినప్పుడు దిక్కు చెప్పే సెన్సర్ల జాబితా సిస్టమ్‌డీలో ఒకటి ఉన్నాయి. రెండో జాబితాలో మన మోడల్ పేరుతో మూడు వరసల మాత్రిక ఒకటి రాసుకుంటే తెర చేతితోబాటు తిరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో నేర్చుకున్న మాత్రికలు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చాయి.

అసలు కష్టం స్పర్శ దగ్గర. ఎంత తాకినా ఉలుకూ పలుకూ లేదు. ఇందులో ఉన్నది సైలీడ్ కంపెనీ టచ్ చిప్పు. కెర్నెల్‌లో డ్రైవరు ఉంది. కానీ ఈ చిప్పుకి శాశ్వత జ్ఞాపకం లేదు, లేచినప్పుడల్లా దానికి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. ఆ ఫర్మ్‌వేర్ టాబ్లెట్ టాబ్లెట్‌కీ వేరు. అది ఉండేది ఎక్కడంటే, నేను తుడిచేసిన విండోస్ డ్రైవరు ఫైలు కడుపులో!

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాన్నగారి చేతిలో అంతో ఇంతో పనిచేస్తున్నదాన్ని నేనే పూర్తిగా చెడగొట్టానే అనిపించింది. మర్నాడు, ఇలాంటి ఫర్మ్‌వేర్లన్నీ ఔత్సాహికులు ఒకచోట పోగుచేసి పెట్టారని తెలిసింది. వెతగ్గా వెతగ్గా, ముక్కూ మొహం తెలియని ఎవరో సరిగ్గా ఈ మోడల్ నుంచే తీసిన ఫైలు దొరికింది. విండోస్ డ్రైవరులోంచి ఈ ముక్కని వెతికి బయటికి తీసే చిన్న ప్రోగ్రాము కూడా అక్కడే ఉంది. డ్రైవర్ల ఫోల్డరు దాచుకోమన్నది ఇందుకే.

ఫైలు పెట్టాక తెర పలికింది, కానీ కుడివైపు తాకితే కింద నొక్కినట్టు అనుకుంటోంది. అడ్డం కొలత, నిలువు కొలత, ఏ అక్షం తారుమారైందో కెర్నెల్‌కి చెప్పాలి. టచ్‌స్క్రీన్ డీఎంఐ అనే ఫైలులో ఇలాంటి టాబ్లెట్ల పట్టిక ఉంది. అందులో మా మోడల్‌కి పాతిక లైన్లు చేర్చి కెర్నెల్ కంపైల్ చేశాను. వేలు పెట్టినచోటే నొక్కుడు పడింది.

మిగిలిన చిల్లర పనులు

రెండోరోజు టాబ్లెట్ ఉన్నట్టుండి బొమ్మలా బిగుసుకుపోయింది. బే ట్రెయిల్ చిప్పులకి ఇది లినక్స్ వాళ్ళు 2015 నుంచి ఎరిగిన జబ్బు. ప్రోసెసరు లోతైన నిద్రలోకి వెళ్ళి లేవడం మరిచిపోతుంది. బూట్ చేసేటప్పుడు ఇంటెల్ ఐడిల్ విభాగంలో మాక్స్ సీ-స్టేట్ విలువని ఒకటికి కట్టేస్తే జబ్బు కుదురుతుంది, బ్యాటరీ కొంచెం ముందుగా అయిపోతుంది. మీది బిగుసుకుపోతేనే ఈ మందు వాడండి.

శబ్దానికి ఇంటెల్ సౌండ్ ఫర్మ్‌వేర్ పాకేజీ పెట్టాలి.

మెమొరీ రెండు గిగాబైట్లే. గ్నోమ్ లేచేసరికే అందులో దాదాపు సగం పోయింది. దీనికి జడ్‌రామ్ వాడాను. వాడని పేజీలని డిస్కుకి పంపకుండా మెమొరీలోనే కుదించి దాస్తుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు దుప్పట్లని గాలి తీసిన సంచుల్లో నొక్కి పెట్టెలో సర్దుతాం చూడండి, అదే ఉపాయం. దీంతో ఫైర్‌ఫాక్స్‌లో మూడు నాలుగు ట్యాబులు, ఒక పుస్తకం హాయిగా నడుస్తున్నాయి. స్కాన్ చేసిన పుస్తకాలకి కేవోరీడర్ పెట్టాను. అది పేజీ చుట్టూ ఖాళీ అంచులు కత్తిరించి అక్షరాన్ని పెద్దది చేస్తుంది.

తెలుగుకి నేను భయపడినంత పని లేదు. లోహిత్, పోతన, వేమన ఫాంట్లతోబాటు గిడుగు, సురవరం, మల్లన్న వగైరా ఫాంట్లన్నీ డెబియన్ పాకేజీలుగానే దొరుకుతాయి. టైపు చెయ్యడానికి ఐబస్‌లో ఎం17ఎన్ పెడితే ఇన్‌స్క్రిప్ట్‌తోబాటు ఆర్‌టీఎస్ కూడా ఉంది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో మన తెలుగువాళ్ళు తయారుచేసిన ఆ పద్ధతి పేరు మెనూలో కనిపించేసరికి పాత స్నేహితుడు ఎదురైనట్టయింది.

పనిచెయ్యనివి

దాచకుండా చెప్పాలి. కెమెరాలు రెండూ పనిచెయ్యవు. వాటికి సంబంధించిన ఏటమ్ ఐఎస్‌పీ డ్రైవరుని 2017లో కెర్నెల్‌లో చేర్చారు, 2018లో తీసేశారు, 2020లో మళ్ళీ తెచ్చారు. మా టాబ్లెట్ దాకా అది ఇంకా రాలేదు. వీడియో కాల్ చెయ్యాలంటే నాన్నగారు ఫోనే వాడాలి. రాత్రి నిద్రపుచ్చి వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ బాగా దిగిపోతుంది, అందుకని పడుకునే ముందు పూర్తిగా ఆపెయ్యమని అలవాటు చేశాను. ఆటలు, సినిమాలు ఇష్టపడేవాళ్ళకి ఇది తగిన పరికరం కాదు. చదువుకునేవాళ్ళకి తగినది.

డెబియన్ 13కి మామూలు భద్రతా సవరణలు 2028 దాకా, దీర్ఘకాలిక మద్దతు 2030 జూన్ దాకా ఉన్నాయి. అంటే 2014లో కొన్న టాబ్లెట్‌కి పదహారేళ్ళ ఆయుష్షు. ఈ మాట చెబితే నాన్నగారు అన్నది ఒక్కటే: "అయితే నేను పాడుచెయ్యలేదన్నమాట."

మన వంతు

ఆ పాతిక లైన్లని తీరిగ్గా కెర్నెల్ వాళ్ళకి పంపించాను. ఒక కొలత తప్పని ఎత్తిచూపారు, సరిచేసి రెండోసారి పంపితే తీసుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, ఎవరూ అడక్కుండా, ఎవరికో పనికొచ్చేలా నా పేరుతో సంతకం పెట్టిన కోడ్ అదే మొదటిది.

జనవరిలో ఆఫీసులో జాబితా మళ్ళీ బల్ల మీదకి వచ్చింది. ఈసారి నేను మద్దతు ఆపొద్దని అనలేదు. ఏ కంపెనీ కూడా కలకాలం మద్దతు ఇవ్వలేదు. గీత కొట్టేముందు మూడు పనులు చేద్దామన్నాను: బూట్‌లోడర్ తాళం తీసేద్దాం, ఫర్మ్‌వేర్‌ని ఎవరైనా పంచుకునేలా లైసెన్సు ఇద్దాం, మేం రాసుకున్న డ్రైవర్లని అసలు కెర్నెల్‌కి పంపిద్దాం. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోది లాయర్ల దగ్గర ఉంది. మూడోదానికి 'తీరికున్నప్పుడు చూద్దాం' అన్నారు. తీరిక ఎప్పుడూ ఉండదని మీకూ తెలుసు, నాకూ తెలుసు, అందుకని నెలకో రోజు దానికి కేటాయించమని మళ్ళీ అడుగుతున్నాను. ఇది చదువుతున్నవాళ్ళలో ఇలాంటి జాబితాలు రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. మీ దగ్గరా అడిగి చూడండి.

నాన్నగారు ఫిబ్రవరిలో తెనాలి వెళ్ళారు, టాబ్లెట్ చేతిసంచిలో పెట్టుకుని. మొన్న ఫోన్‌లో పక్కింటి మాస్టారి దగ్గర ఇలాంటిదే ఒకటి అటక మీద ఉందట, నువ్వు వచ్చినప్పుడు చూస్తావా అని అడిగారు. ముందు దాని వెనక ప్రోసెసరు పేరు ఏమైనా రాసి ఉందేమో చూసి చెప్పమన్నాను. ఏదీ తుడవొద్దని కూడా చెప్పాను.